ఫోటో తీయడం, ఫోటో దిగడం

ఒమాన్‌లో, మస్కట్ నుంచి నిజ్వా పోయే కంపెనీ వ్యాన్‌లో నాకు కిటికీ పక్క సీటు దొరికింది. 2014 ఫిబ్రవరి. దారి పొడుగునా గుట్టలే. మా కోరుట్ల దిక్కు గుట్ట అంటే బండల సందున సీతాఫలం చెట్లు, తునికి పొదలు, కింద గొర్ల మంద. అక్కడి గుట్టల మీద గడ్డిపోచ లేదు. పొద్దు వాలుతుంటే ఒక్కో వరుస ఒక్కో రంగు తిరిగింది. ముందుది ఇటుక రంగు, దాని వెనకది ఊదా, ఆ వెనకది పొగ. బ్యాగులో లుంగీల మధ్య చుట్టిపెట్టిన కెమెరా మీద చేయి వేశాను. పక్కనున్న కామారెడ్డి అన్న చూశాడు.

"తీయకు తమ్మీ. కెమెరా అంటే ఈడ వెయ్యి ప్రశ్నలు. పనికి వచ్చినం, పని చేసుకొని పోదాం."

చేయి వెనక్కి తీసుకున్నాను. ఆ గుట్టల ఫోటో నా దగ్గర లేదు. తర్వాత మూడేళ్లు ఆ దారిలో చాలాసార్లు పోయాను గానీ ఆ వెలుతురు మళ్లీ దొరకలేదు.

మాది గొర్లు కాసే ఇల్లు. నేను మాత్రం ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసి, ఆ పని దొరక్క కోరుట్లలో ఒక ఫోటో స్టూడియోలో చేరాను. ఆరేళ్లు పెళ్లిళ్లు తీశాను. లైట్లు పట్టడంతో మొదలుపెట్టి, ఆల్బమ్ డిజైనుకు వరంగల్ పోయి రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చునే దాకా అన్నీ ఉస్తాద్ దగ్గరే నేర్చుకున్నాను. చెల్లె పెళ్లికి చేసిన అప్పు పెరిగింది. మా దిక్కు అప్పు పెరిగితే దారి ఒక్కటే, దుబాయి. ఒమాన్ పోయినా, ఖతర్ పోయినా, కువైట్ పోయినా మావాళ్ల నోట్లో అది దుబాయే. ఏజెంటు, మెడికల్, వీసా సంగతులు చెప్పను, మా జిల్లాలో ప్రతి ఇంటికీ అవి తెలుసు. బిల్డింగ్ మెయింటెనెన్స్ కంపెనీలో ఏసీ, కరెంటు పనులకు హెల్పర్‌గా కుదిరాను. పోయే రోజు ఉస్తాద్ తన పాత కెనన్ కెమెరా, రెండు లెన్సులు నా చేతిలో పెట్టి, "పైసలు మెల్లగ పంపు" అన్నాడు. ఒకటి దూరం నుంచి దగ్గరికి లాక్కునే జూమ్. ఇంకొకటి యాభై ఎంఎం లెన్సు, దానికి జూమ్ ఉండదు, దగ్గరగా కావాలంటే మనమే నడిచి పోవాలి. రెండోదాని విలువ అప్పుడు నాకు తెలియలేదు.

మన భాషలో ఫోటోకు రెండు మాటలున్నాయి. కెమెరా పట్టినవాడు ఫోటో తీస్తాడు. ఎదుట నిలబడ్డవాడు ఫోటో దిగుతాడు. చిన్నప్పటి నుంచి వాడుతున్న మాటలే అయినా వాటి మధ్య తేడా మీద నా ధ్యాస ఎన్నడూ పోలేదు. పెళ్లిలో అందరూ దిగేవాళ్లే. "అన్నా, మా తల్లీబిడ్డలది ఒకటి తీయవా" అని కొంగు సవరించుకుని వరసగా నిలబడతారు. నన్ను ఆపినవాళ్లు లేరు. ముసలవ్వలు సైతం "నాది ఒకటి పెద్దగ తియ్యి బిడ్డా, నేను పోయినంక గోడకు పెడ్తరు" అనేవాళ్లు. కెమెరా చేతిలో ఉంటే ఏ ఇంట్లోకైనా వంటింటి దాకా పోవచ్చు. ఆ ధైర్యంతోనే విమానం ఎక్కాను.

నిజ్వాలో మొదట ఫోటో దిగింది మా గదివాళ్లే. ఒక గదిలో ఎనిమిది మందిమి, మంచాల మీద మంచాలు. నిర్మల్, సిరిసిల్ల, కామారెడ్డి వాళ్లు, ఇద్దరు గోదావరి జిల్లా వాళ్లు, ఒక బీహారీ. కెమెరా సంగతి తెలిసిన వారానికే వరస కట్టారు. ఇంటికి పంపే ఫోటోలు. పని బట్టలు వద్దు, మంచాలు కనబడొద్దు, బయట కంపెనీ పెద్ద బండి పక్కన నిలబెట్టాలి, నల్లద్దాలు ఒక్కటే జత ఉంటే అందరూ వాటినే మార్చి మార్చి పెట్టుకోవాలి. సిరిసిల్ల తమ్ముడొకడు చెవి దగ్గరికి వచ్చి, "అన్నా, బక్కగ కనబడొద్దు. అవ్వ చూసి ఏడుస్తది" అన్నాడు.

దానికి స్టూడియోలో ఒక పద్ధతి ఉంది. ముఖంలో కెమెరా వైపు తిరిగిన పెద్ద భాగం మీద వెలుతురు పడితే బుగ్గలు నిండుగా కనిపిస్తాయి. వెలుతురు అవతలి భాగం మీద పడి, మన వైపు నీడ ఉంటే ముఖం సన్నబడుతుంది. పెళ్లికూతుళ్లకు నేను రెండోది వాడేవాణ్ణి. ఆ పిల్లవాడికి మొదటిది వాడాను. తలుపు తెరిచి, పక్కన తెల్ల దుప్పటి ఒకరితో పట్టించి, గడ్డం కింది గుంటలు పోయేదాకా జరిపాను. వాళ్ల అవ్వ ఫోన్‌లో "కొద్దిగ ఒళ్లు చేసినవు బిడ్డా" అన్నదట. ఆ మాట నాకు చెప్పి వాడు ఆ రాత్రి నా వంతు వంట కూడా తానే చేశాడు. ఆ ఫోటో అబద్ధమని కొందరంటారు. నేనొప్పుకోను. ఆ పిల్లవాడు వాళ్ల అవ్వకు చెప్పదలచుకున్న మాటను నేను వెలుతురుతో రాసిపెట్టాను, అంతే.

ఆ జూన్ 2న తెలంగాణ వచ్చింది. మా పాస్‌పోర్టుల మీద ఆంధ్రప్రదేశ్ అనే ఉంది. ఒమాన్ గడియారం మన దానికంటే గంటన్నర వెనక, కాబట్టి మాకు రాత్రి పదిన్నరకే రాష్ట్రం వచ్చేసింది. గోదావరి వాళ్లిద్దరితో సహా అందరూ కిందిమంచాల మీద కూర్చుని ఫోటో దిగారు. ఆ ఫోటోలో నేను లేను. మూడేళ్లలో దాదాపు ఏ ఫోటోలోనూ నేను లేను.

ఇక బయట. బజారులో మమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. "రఫీక్" అంటారు. నేస్తం అని అర్థం, ఇండియావాడు, బంగ్లావాడు, పాకిస్తాన్‌వాడు అందరూ రఫీకే. మొదటి నెలలో ఒక దుకాణం దగ్గర ఒకాయన "ఎంతా హిందీ?" అని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపి "తెలుగు" అన్నాను. ఆయన మొహం అయోమయమైంది. అరబ్బీలో హిందీ అంటే హిందుస్తాన్ మనిషి అని. నేను నా దేశాన్నే కాదన్నట్టయింది. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఇంటి దగ్గర ఒక్క మాటతో కులం, ఊరు, ఎవరి కొడుకు అన్నీ తెలిసిపోతాయి. ఇక్కడ నేను ఎవరినో చెప్పడానికి నా నోట్లో ఒక్క మాటా సరిగ్గా కుదరడం లేదు.

కెమెరాను తలుచుకున్నది అప్పుడే. మాట రానివాడికి చూపైనా ఉంటుంది కదా.

మాకు సెలవు శుక్రవారం ఒక్కటే. నిజ్వాలో శుక్రవారం పొద్దున్నే అంగడి, మేకల అంగడి. కోట పక్కన, బజారుకు ఆనుకుని గుండ్రటి గద్దె, పైన కప్పు. కొనేవాళ్లు లోపల కొందరు, చుట్టూ కొందరు నిలబడతారు. నడుమ ఉంగరం లాంటి దారిలో అమ్మేవాళ్లు మేకలను, గొర్లను తాడు పట్టి నడిపిస్తూ ధర గట్టిగా అరుస్తూ తిరుగుతారు. నచ్చినవాడు చేయి చాచి ఆపుతాడు. మా అంగట్లో బేరం తువ్వాల కింద వేళ్లు పట్టుకుని గుట్టుగా జరుగుతుంది, మూడోవాడికి ధర తెలియొద్దు. అక్కడ ధర బహిరంగం. మిగతావన్నీ మనవే. దుమ్ము, గొర్ల కంపు, పిల్లను తల్లి దగ్గర్నుంచి విడదీస్తే వచ్చే అరుపు. మొదటి శుక్రవారం ఆ వాసనకే నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

జూమ్ తగిలించి ఒక వేపచెట్టు పక్కన నిలబడి తీశాను. పొద్దున కోట బురుజు మీద పడే ఎండ చూసి తీరాలి. ఆ బురుజును పదిహేడో శతాబ్దం నడుమ ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించాడు, పన్నెండేళ్లు పట్టిందని చెబుతారు. మట్టిరంగు గోడ, దాని కింద తెల్లటి దిష్‌దాషాలు, అంటే ఒమానీ మగవాళ్లు వేసుకునే పొడుగు అంగీలు, తల మీద కుట్టుపని టోపీలు. నాకు పండుగలా అనిపించింది.

గదికి వచ్చి చూసుకుంటే తెల్లబట్టలన్నీ మురికి బూడిదరంగు. కెమెరాలోని మీటరు లోకమంతా నడిమిరకం బూడిదరంగులో ఉందనుకుని లెక్క కడుతుంది. తెల్లదనం ఎక్కువుంటే ఇది మరీ వెలుగని తగ్గించేస్తుంది. మన పెళ్లిళ్లలో ఆకుపచ్చ, ఎరుపు పట్టుచీరలు, చామనచాయ ముఖాలు. అక్కడ ఆ లెక్క ఎన్నడూ నన్ను ఇబ్బంది పెట్టలేదు. రెండో వారం వెలుతురు ఒక మెట్టు పెంచాను. తెలుపు తెలుపైంది. కానీ అదే ఫ్రేములో మేకలకు గడ్డి మోసే బెంగాలీ కూలీ ఉంటే చిక్కు. దిష్‌దాషాలోని నూలు పోగు కనబడేలా తీస్తే ఆ కూలీ ముఖం నల్లగా మునిగిపోతుంది. అతని కళ్లు కనబడేలా తీస్తే పక్కనున్న తెల్లబట్ట కాలిపోయినట్టు వెలిసిపోతుంది. నడి ఎండలో ఇద్దరినీ ఒకే ఫోటోలో న్యాయంగా చూపించడం ఆ కెమెరా వల్ల కాలేదు. పొద్దు పొడిచిన అరగంటలోనో, కప్పు నీడలోనో ఇద్దరూ ఉంటేనే కుదిరేది. అందుకని ఐదున్నరకే లేచి నడిచేవాణ్ణి.

అంగట్లో నాలాగే బయటి మనుషులు చాలామంది ఉండేవాళ్లు. యూరప్ నుంచి వచ్చే టూరిస్టులు. నా చేయంత లెన్సులు. వాళ్లు గద్దె మీదికెక్కి, మేకల నడుమకు పోయి తీసేవాళ్లు. ఒమానీలు జరిగి దారి ఇచ్చేవాళ్లు, చాలామంది నవ్వి నిలబడేవాళ్లు. నేను కెమెరా ఎత్తితే ఎవరో ఒకరు, "రఫీక్, ఏ కంపెనీ? ఎందుకు?" అని అడిగేవాళ్లు. కోపంతో కాదు, వాళ్లకు నిజంగా అర్థం కాక. చుట్టపుచూపుగా వచ్చినవాడు ఫోటో తీసుకుపోతాడు, అందులో వింత లేదు. పని చేయడానికి వచ్చినవాడు పని మానేసి మమ్మల్ని ఎందుకు చూస్తున్నాడు? ఇది నన్ను చాలా బాధపెట్టింది. పరాయితనంలో కూడా మెట్లున్నాయని, నేను ఏ మెట్టు మీద ఉన్నానో కెమెరా పట్టుకున్నాకే తెలిసింది. స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇదే మనుషుల ఇళ్లలోకి వారమంతా పోయాను, ఎవరూ నన్ను ప్రశ్న అడగలేదు.

మే నెలలో ఆ సంగతి జరిగింది. ఒక నల్ల మేకపోతు తల విదిలిస్తే దుమ్ము ఎండలో లేచింది. జూమ్ లాగి నొక్కాను. ఒక కుర్రవాడు నేరుగా నా దగ్గరికి వచ్చి కెమెరా వెనక తెర మీద వేలు పెట్టాడు. ఫ్రేము అంచులో, మేకపోతుకు అవతల, ఒక స్త్రీ కూర్చుని ఉంది. పల్లెల నుంచి జీవాలను అమ్మకానికి తెచ్చే ఆడవాళ్లు అక్కడ ఉంటారు. వాళ్లను తీయకూడదని నాకు తెలుసు, నేను మేకను మాత్రమే చూశాను. కుర్రవాడు గొంతు పెంచలేదు. "మా అమ్మ" అన్నాడు హిందీలో. చేతులు వణుకుతుంటే అతని ముందే చెరిపేశాను. ఇంకా ముందువి చూపించమన్నాడు, చూపించాను. ఒక్కొక్కటే వెనక్కి జరుపుతుంటే నా మూడు నెలల ఫోటోలు అతనితో పాటు నేనూ చూశాను. అన్నీ వీపులు. పక్కకు తిరిగిన ముఖాలు. చెట్ల సందున, స్తంభాల చాటున, దూరం నుంచి లాగినవి. నావైపు చూస్తున్న కన్ను ఒక్కటీ లేదు.

అతను పోయాడు. నేను గదికి వచ్చి కెమెరాను పెట్టెలో పెట్టాను. ఐదు నెలలు తీయలేదు.

ఆ ఐదు నెలల్లో నాకు సరిగ్గా తగిలిన సంగతి ఒకటి మన హైదరాబాద్‌ది. ఆరో నిజాం దగ్గర ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ కూడా బయటి మనిషే, మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, ఇండోర్‌లో పని చేసి దక్కన్‌కు వచ్చినవాడు. 1892లో ఆయన పరదా స్త్రీల కోసం హైదరాబాద్‌లో వేరే జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది, లోపల ఫోటోలు తీసింది ఒక ఇంగ్లీషు ఆమె. అంత పేరున్నవాడు, రాజుగారి అండ ఉన్నవాడు, తాను పోకూడని చోటు ఒకటుందని ఒప్పుకుని పక్కకు జరిగాడు. నేను పెళ్లిళ్లలో వంటింటి దాకా పోయింది కెమెరా వల్ల కాదు, వాళ్లు రానిచ్చారు కాబట్టి. ఆ ఇళ్లకు నేను ఫలానావారి కొడుకును, ఫలానా స్టూడియో అబ్బాయిని. వాళ్లు దిగితేనే నేను తీశాను. నిజ్వాలో ఎవరూ దిగలేదు, నేనే తీసుకున్నాను.

అక్టోబరులో ఎండ తగ్గాక మళ్లీ అంగడికి పోయాను. జూమ్ గదిలోనే వదిలేశాను. యాభై లెన్సు తగిలించి, కెమెరాను సంచిలోనే ఉంచుకుని ఊరికే నిలబడ్డాను. బక్రీద్ అప్పుడే అయిపోయింది, అంగడి పలచగా ఉంది. నా ముందు నుంచి ఒక మేకను నడిపిస్తుంటే, ఒక పెద్దాయన చేయి చాచి ఆపి నడుము మీద వేళ్లతో నొక్కి చూస్తున్నాడు. ఆయన పట్టు చూడగానే మా బాపు గుర్తొచ్చాడు. వెన్నుపూసకు రెండు పక్కలా కండ ఎంతుందో బొటనవేలితో చూడాలి, ఉన్ని, బొచ్చు చూసి మోసపోవద్దు. అమ్మేవాడు ఏదో వయసు చెబుతున్నాడు. నాకు మాట అర్థం కాలేదు గానీ అనుమానం వచ్చింది. ఆలోచించకుండానే చేయి పోయింది. మేక కింది పెదవిని బొటనవేలితో జరిపాను. మేకకు ముందుపండ్లు కింది దవడకే ఉంటాయి. పాలపండ్లు సన్నగా, ఊడి కొత్తవి వస్తే వెడల్పుగా. రెండు పెద్దపండ్లుంటే ఏడాది దాటింది, నాలుగుంటే రెండేళ్ల దగ్గర. దీనికి ఆరున్నాయి. పెద్దాయనకు ఆరు వేళ్లు చూపించాను.

ఆయన తానూ వంగి చూశాడు. తర్వాత నన్ను చూశాడు, తల నుంచి పాదాల దాకా. "నీ పని ఏంది?" అన్నాడు ముక్కముక్క హిందీలో. ఏసీ అన్నాను. "ఇది ఎక్కడ నేర్చుకున్నవ్?" "మా నాయిన దగ్గర" అన్నాను. ఆ మేకను ఆయన కొనలేదు. పక్కన ఇంకొకదాన్ని ఆపి, ఈసారి నన్నే చూడమన్నాడు.

ఆ రోజు నేను ఒక్క ఫోటో కూడా తీయలేదు. గదికి నడుస్తుంటే మాత్రం కడుపు నిండినట్టుంది.

తర్వాత ప్రతి శుక్రవారం ఆయన కనిపించేవాడు. పెద్దవాళ్లను అక్కడ "అమ్మీ" అని పిలుస్తారు, చిన్నాయన అన్నట్టు. మన చెవికి అది అమ్మలా వినబడుతుంది, ఆ మాట అనడం నాకిష్టంగా ఉండేది. ఒకనాడు ఇంటికి రమ్మన్నాడు. బయటి గదిలో చాపల మీద కూర్చోబెట్టి ఖర్జూరాలు, ఒమానీ హల్వా, చేతికి పిడి లేని చిన్న కప్పులో కాఫీ. తాగి కింద పెడితే మళ్లీ పోశారు. వద్దంటే మర్యాద కాదేమోనని తాగాను. మళ్లీ పోశారు. ఆరో కప్పుకు గుండె దడదడలాడింది. ఆయన మనవడు నవ్వాపుకోలేక తన ఖాళీ కప్పును రెండు వేళ్లతో అటూఇటూ ఆడించి చూపించాడు. చాలు అని చెప్పాలంటే అలా ఆడించాలట. చాలు అనడానికి కూడా ఒక పద్ధతి తెలియాలి, నేర్పేవాళ్లు ఉండాలి.

ఆయనకు ఊరి బయట ఖర్జూరం తోట ఉంది. దానికి ఫలజ్ నీళ్లు. ఫలజ్ అంటే కొండ మొదట్లో భూమి లోపలి నీటిని సొరంగం తవ్వి, మోటరు లేకుండా వాలు మీదే ఊరి దాకా తెచ్చే కాలువ. మొదటి బావిని వాళ్లు తల్లి అంటారు, ఉమ్ అల్ ఫలజ్. నిజ్వాలోని ఫలజ్ దారిస్‌తో కలిపి అయిదు ఫలజ్‌లకు 2006లో యునెస్కో గుర్తింపు వచ్చింది. నీళ్లు ఊరికి రాగానే ముందు తాగడానికి, తర్వాత మసీదుకు, స్నానాలకు, ఆఖరున తోటలకు. తోటల వంతును గడియల లెక్కన పంచుతారు. పాత రోజుల్లో పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి లెక్క కట్టేవాళ్లు. చూసుకునే పెద్దను వకీల్ అంటారు. మన దగ్గర వకీలంటే కోర్టు అని నేనంటే ఆయన చాలా ఆశ్చర్యపోయాడు.

అప్పటికి 2015 ఎండాకాలం. మిషన్ కాకతీయలో మా ఊరి చెరువు పూడిక తీస్తున్నారని తమ్ముడు ఫోన్‌కు ఫోటో పంపాడు. ట్రాక్టర్లలో నల్లమన్ను పొలాలకు పోతోంది. ఆ ఫోటో ఆయనకు చూపించాను. కాకతీయుల చెరువుల గురించి, ఒకటి నిండితే మత్తడి దుంకి కిందిదానికి పారే గొలుసుకట్టు గురించి నా వచ్చీరాని హిందీలో చెప్పాను. ఆయన ఒక్కటే ప్రశ్న అడిగాడు. "నీళ్లు ఎవరు పంచుతారు?" నీరటి అని చెప్పాను. తూము తెరిచేది, ఏ మడికి ఎంతసేపో చూసేది, పంట వచ్చాక తన వంతు గింజలు తీసుకునేది. ఇప్పుడు చాలా ఊళ్లలో బోర్లు వచ్చి నీరటి పని పోయిందని కూడా చెప్పాను. ఆయన ఆ మాటను రెండుసార్లు పలికి చూశాడు. "నీరటి." అటు తర్వాత నన్ను రఫీక్ అనలేదు. ఇండియా నుంచి వచ్చిన నీరటి అని తన వాళ్లకు పరిచయం చేసేవాడు. మేం గొర్లకాపరులం, నీరటివాళ్లం కాము. దిద్దాలనిపించలేదు.

సంచిలో కెమెరా ఉందని ఆయనకు మొదటి నుంచీ తెలుసట. అడగడానికి నాకే ఏడాది పట్టింది. తోటలో ఖర్జూరం గెలలు కోస్తున్నారు. మన గౌండ్లవాళ్ల మోకు లాంటిదే నడుముకు చుట్టుకుని పైకెక్కుతున్నారు. "ముమ్కిన్ సూరా?" అన్నాను, ఫోటో తీయొచ్చా అని. ఆయన కాసేపు ఆలోచించి "ఇట్ల కాదు" అని ఇంట్లోకి పోయాడు. తప్పు చేశానా అనుకున్నాను. ఇరవై నిమిషాలకు వచ్చాడు. ఇస్త్రీ చేసిన దిష్‌దాషా, తలకు పాగా, నడుముకు వెండి ఒర ఉన్న ఖంజర్, చేతిలో కర్ర. మా ఊరి ముసలవ్వలు గోడ మీది ఫోటో కోసం తయారైనట్టే. ఏ చెట్టు కింద నిలబడాలో ఆయనే చెప్పాడు, ఏ మేకను పక్కన పట్టుకోవాలో ఆయనే ఎంచాడు. నేను చూసింది వెలుతురు ఒక్కటే. ఆకుల నీడలో ఆయన తెల్లబట్ట, ముఖం రెండూ ఒకే మెట్టు మీదికి వచ్చాయి. యాభై లెన్సు కాబట్టి ఆయనకు ఆరడుగుల దూరంలో నిలబడ్డాను. ఆయన కళ్లు నేరుగా నా మీదున్నాయి. నొక్కాను. మూడంటే మూడు.

తర్వాత ఆయన మనవణ్ణి పిలిచి ఏదో చెప్పాడు. పిల్లవాడు నా మెడలోని కెమెరా తీసుకున్నాడు. పెద్దాయన నా భుజం మీద చేయి వేసి పక్కకు లాక్కున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఆరేళ్లుగా వేలమందికి చెప్పిన మాటలు, గడ్డం కొద్దిగ పైకి, భుజాలు వదులుగ, ఇటు చూడు, ఏవీ గుర్తు రాలేదు. ఏసీ కంపెనీ చొక్కాలో, జేబు మీద కంపెనీ ముద్రతో, పక్కనున్న మేక తాడు పట్టుకుని ఫోటో దిగాను.

పిల్లవాడు ఫోకస్‌ను వెనక చెట్టు మీద పెట్టాడు, మేం కొద్దిగా మసకగా వచ్చాం. నిజ్వాలో ఒక మలయాళీ స్టూడియోలో రెండింటినీ ప్రింటు వేయించి తీసుకుపోయాను. నేను తీసినదాన్ని ఆయన చూసి తల ఊపి పక్కన పెట్టాడు. మసకదాన్ని బయటి గదిలో అరమీద, కాఫీ కప్పుల వెనక నిలబెట్టాడు.

2017లో అప్పు తీరి వచ్చేశాను. ఇప్పుడు హనుమకొండలో చిన్న స్టూడియో. పెళ్లిళ్లు, ఖిలా వరంగల్ తోరణాల దగ్గర పెళ్లికి ముందు తీసే ఫోటోలు. మూడేళ్లలో తీసిన వాటిలో గోడకు పెట్టింది ఒక్క మసకదే. మొన్న అవ్వ ఊరి నుంచి వచ్చింది. కళ్లజోడు పైకి జరుపుకుని దాని ముందు చాలాసేపు నిలబడింది.

"ఈ పెద్దమనిషి ఎవలు?"

"ఆడ మా చిన్నాయన అసొంటోడు, అవ్వా."

"మంచిగున్నడు. నువ్వే బక్కగున్నవ్." ఇంకొంచెం ముందుకు వంగింది. "ఆ మేక ఎన్ని పండ్లది?"

"నాలుగు" అన్నాను.

"ఈనిందా?"